డేటాబేస్ మార్చాను, బాకీలోళ్లు మాయమయ్యారు!



ఈరోజు టాపిక్ పేరు వింటే కొంచెం బోర్ అనిపించొచ్చు. వెబ్ యాప్ వెనకాల ఉన్న డేటాబేస్‌ను తీసేసి ఇంకోటి పెట్టాలంటే, యాప్‌ను ముందు నుంచే ఎలా కట్టుకోవాలి? ఇదీ విషయం. కానీ ఇది సరిగ్గా చేయకపోవడం వల్ల అబిడ్స్‌లో ఒక మామకీ మేనల్లుడికీ మధ్య రెండు వారాలు మాటల్లేవు. దానికి కారణం నేను రాసిన కోడ్. అందుకే థియరీ తర్వాత, ముందు ఆ కథ చెప్తాను.

అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల బజారు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆదివారం షాపులు మూసి ఉంటాయి కదా, ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. గేట్ గైడ్లు, తెలుగు అకాడమీ పుస్తకాలు, గ్రూప్స్ మెటీరియల్, నవలలు, అన్నీ దొరుకుతాయి. బీటెక్ రోజుల్లో నేను అక్కడ ఒక అన్న దగ్గరే కొనేవాణ్ని. జేబులో డబ్బులు తక్కువైతే ఉద్దెర ఇచ్చేవాడు. నోట్‌బుక్‌లో పేరు, ఫోన్ నంబరు, ఎంత బాకీ, అంతే. ఆయనకు నాంపల్లిలో ఒక చిన్న గది ఉంది, స్టాక్ అంతా అక్కడే. మామూలు రోజుల్లో వాట్సాప్‌లో అడిగినవాళ్లకు ఆ గది నుంచే పుస్తకాలు ఇస్తాడు.

జాబ్‌లో చేరాక, వీకెండ్‌లో కూర్చుని ఆయనకో వెబ్ యాప్ చేసిచ్చాను. పైథాన్, ఫ్లాస్క్, వెనకాల ఎస్‌క్యూలైట్. ఫోన్ బ్రౌజర్‌లో తెరిస్తే మూడు పేజీలు: పుస్తకాలు వెతకడం, అమ్మకం రాయడం, బాకీల జాబితా. ప్రతి సోమవారం అన్న ఆ మూడో పేజీ తెరిచి, పైనున్న 20 పేర్లకు వరుసగా ఫోన్ చేసి "పైసలెప్పుడిస్తవ్ బాబూ" అని అడిగేవాడు. దాదాపు ఏడాది బాగానే నడిచింది.

తర్వాత వాళ్ల మేనల్లుడు పనిలోకి వచ్చాడు. ఆదివారం అన్న అబిడ్స్‌లో బిల్లు కొడుతుంటే, ఆ అబ్బాయి నాంపల్లి గదిలో కొత్త స్టాక్ ఎక్కించేవాడు. అప్పుడు మొదలైంది అసలు తలనొప్పి. బిల్లు కొడుతుంటే స్క్రీన్ మీద "డేటాబేస్ లాక్‌లో ఉంది" అని ఎర్రర్. ఎస్‌క్యూలైట్‌లో చాలామంది ఒకేసారి చదవొచ్చు, కానీ రాసేది మాత్రం ఒక సమయంలో ఒక్కరే. ఒకరు రాస్తుంటే రెండోవాళ్లు ఆగాలి.

నిజం చెప్పాలంటే అక్కడ తప్పు ఎస్‌క్యూలైట్‌ది కాదు. మేనల్లుడు పుస్తకం ఫొటో అప్‌లోడ్ చేస్తున్నంతసేపూ నేను ట్రాన్సాక్షన్ తెరిచే ఉంచాను. ఫొటో వెళ్లాక తెరిచి, వెంటనే మూసేస్తే సరిపోయేది. ఆ ఒక్కటి సరిచేసుంటే ఎస్‌క్యూలైట్‌తోనే ఇంకా చాలా కాలం లాగించేవాళ్లం. కానీ నాకు అప్పుడు పోస్ట్‌గ్రెస్ మీద మోజు. అన్నకు చెప్పాను, "అన్నా, వెనకాల డేటాబేస్ మారుస్తా, నీకు స్క్రీన్ ఏమీ మారదు, నా దగ్గర ఒక్క లైన్ మారిస్తే చాలు" అని.

ఆ ఒక్క లైన్ అనే మాట ఎక్కడిదో మీకు తెలుసు. నేను ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ వాడాను. అదొక ఓఆర్ఎం, అంటే మన పైథాన్ క్లాసుల్ని డేటాబేస్ టేబుల్స్‌తో కలిపే లైబ్రరీ. దాంట్లో కనెక్షన్ అడ్రస్ ఒక చోట ఉంటుంది. అది మారిస్తే ఎస్‌క్యూలైట్ పోయి పోస్ట్‌గ్రెస్ వస్తుంది. ట్యుటోరియల్స్‌లో అందరూ అలాగే చూపిస్తారు. అబద్ధం కాదు, కనెక్షన్ నిజంగానే అలాగే మారుతుంది.

మార్చాను. ఏం జరిగిందో వరుసగా చెప్తా.

మొదటిది, డేటా కాపీ చేస్తుంటేనే పోస్ట్‌గ్రెస్ ఆగిపోయింది. ధర అనే కాలమ్‌ను నేను పూర్ణాంకం అని పెట్టాను. కానీ అన్న పాత ఎక్సెల్ షీట్ నుంచి ఎక్కించిన కొన్ని ధరలు "150/-" అని ఉన్నాయి. ఎస్‌క్యూలైట్ మామూలుగా కాలమ్ టైపును గట్టిగా పట్టించుకోదు. నంబర్‌గా మార్చగలిగితే మారుస్తుంది, లేకపోతే టెక్స్ట్‌ను టెక్స్ట్‌గానే దాచేస్తుంది. పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు.

రెండోది, ఐఎస్‌బీఎన్. పుస్తకం వెనకాల ఉండే నంబర్. దాన్ని కూడా తెలివిగా పూర్ణాంకం అనే పెట్టాను. పాత పది అంకెల ఐఎస్‌బీఎన్‌లు ఇండియాలో అచ్చయిన పుస్తకాలకు చాలావరకు 81తో మొదలవుతాయి, అంటే 810 కోట్ల పైన ఉండే నంబర్ అన్నమాట. పోస్ట్‌గ్రెస్‌లో మామూలు ఇంటీజర్ దాదాపు 214 కోట్ల దాకానే పడుతుంది. ఇంకో వైపు, ఇంగ్లిష్ దేశాల పుస్తకాల నంబర్లు చాలావరకు సున్నాతో మొదలవుతాయి. మనందరికీ తెలిసిన కెర్నిగన్, రిచీల సీ పుస్తకం రెండో ఎడిషన్ నంబర్ 0131103628. ఎస్‌క్యూలైట్ దాన్ని నంబర్ అనుకుని ముందున్న సున్నాను ఎప్పుడో తినేసింది. కొన్నింటి చివర ఎక్స్ అనే అక్షరం ఉంటుంది, అవి టెక్స్ట్‌గా మిగిలిపోయాయి. ఐఎస్‌బీఎన్ చూడ్డానికి నంబర్‌లా ఉంటుంది గానీ, అది పేరు. దాన్ని ఎవరూ కూడరు, తీసెయ్యరు. ఫోన్ నంబరు, పిన్ కోడ్ కూడా అంతే. వీటిని టెక్స్ట్‌గానే పెట్టండి.

మూడోది, కొత్త అమ్మకం రాయబోతే "ఈ నంబర్ ముందే ఉంది" అని ఎర్రర్. పాత రికార్డులను వాటి ఐడీలతో సహా కాపీ చేశాను. కానీ పోస్ట్‌గ్రెస్‌లో కొత్త ఐడీ ఇచ్చే సీక్వెన్స్ అని ఒక లెక్క వేరుగా ఉంటుంది. నేను ఐడీలు చేత్తో పెట్టాను కాబట్టి అది ఇంకా ఒకటి దగ్గరే నిలబడి ఉంది. దాన్ని పాత చివరి నంబర్‌కు జరపాలి. జరిపాను.

ఈ మూడూ మంచి తప్పులు. మంచివి అని ఎందుకంటున్నానంటే, అవి అరిచి చెప్పాయి. ఎర్రర్ వచ్చింది, చూశాను, ఒక రాత్రిలో సరిచేశాను. ఐఎస్‌బీఎన్‌లకు పోయిన సున్నాలు కూడా తిరిగి పెట్టాను.

తర్వాత మొత్తం సరిచూశాను. పాతదాంట్లో ఎన్ని పుస్తకాలు, కొత్తదాంట్లో ఎన్ని? సమానం. పాతదాంట్లో మొత్తం బాకీ ఎంత, కొత్తదాంట్లో ఎంత? రూపాయితో సహా సమానం. హ్యాపీగా పడుకున్నా.

ఆదివారం అన్న దగ్గర్నుంచి ఫోన్. "తమ్మీ, గేట్ పుస్తకాలు దొరుకుతలేవు. నా ముందల కుప్ప పెట్టుకోని కూసున్న, నీ ఫోన్ల మాత్రం లేవంటున్నది."

స్టాక్ ఎక్కించినప్పుడు గేట్ అని పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించారు. వెతికేటప్పుడు అన్న చిన్న అక్షరాల్లో కొట్టాడు. నేను వెతకడానికి లైక్ అనే ఆపరేటర్ వాడాను. ఎస్‌క్యూలైట్‌లో లైక్ ఇంగ్లిష్ అక్షరాలకు చిన్నా పెద్దా తేడా చూడదు. పోస్ట్‌గ్రెస్‌లో చూస్తుంది. అక్కడ తేడా వద్దంటే ఐలైక్ అనే వేరే ఆపరేటర్ వాడాలి. అదే పదం, అదే కోడ్, అదే డేటా. జవాబు మాత్రం వేరు. ఎర్రర్ కూడా రాలేదు, ఖాళీ జాబితా వచ్చిందంతే. వెతికితే దొరకలేదు కాబట్టి లేదనుకుని ఆ రోజు వాట్సాప్‌లో అడిగిన ఇద్దరు ముగ్గురికి మేనల్లుడు "లేవు" అని పంపేశాడట.

సరిచేసి, సారీ చెప్పాను. అయిపోయింది అనుకున్నా. కానీ అసలు విషయం ఐదు వారాల తర్వాత బయటపడింది.

ఆ ఆదివారం నేనే అబిడ్స్ వెళ్లాను. అన్న ఒక్కడే ఉన్నాడు. మేనల్లుడు ఏడి అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "తమ్మీ, నీ ఆప్ల పైసలిచ్చినోళ్ల పేర్లన్నీ ఉన్నయి. ఒక్క రూపాయి కూడ ఇయ్యనోళ్ల పేర్లే లేవు. పిల్లగాడు దోస్తుల బాకీలు కొట్టేసిండేమో అని అడిగిన. వాడు అలిగి పోయిండు. రెండు వారాలాయె, ఫోన్ ఎత్తుతలేడు."

అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుని ఫోన్ తీశాను. బాకీ ఉన్నవాళ్లు మొత్తం 63 మంది. అందులో ఒక్కసారి కూడా డబ్బు కట్టనివాళ్లు 14 మంది. ఆ 14 మంది డేటాబేస్‌లో ఉన్నారు. బాకీ మొత్తం కూడా కరెక్ట్. కానీ స్క్రీన్ మీద లేరు.

ఎందుకో చెప్తా. నేను జాబితాను "చివరిసారి డబ్బు కట్టిన తేదీ" ప్రకారం వరుసలో పెట్టాను. పాత తేదీ పైన, కొత్త తేదీ కింద. మొదటి 20 పేర్లే చూపించాను. ఎప్పుడూ కట్టనివాళ్లకు ఆ తేదీ ఉండదు కదా, అక్కడ నల్ ఉంటుంది. నల్ అంటే విలువే లేదు అని అర్థం. మరి వరుసలో పెట్టేటప్పుడు నల్ పైన రావాలా, కింద రావాలా?

ఎస్‌క్యూలైట్ పైన పెడుతుంది. మైఎస్‌క్యూఎల్ కూడా పైనే పెడుతుంది. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ కింద పెడతాయి. వీటిలో ఎవరిదీ తప్పు కాదు. ఎస్‌క్యూఎల్ స్టాండర్డే నల్‌లన్నీ ఒక పక్కన ఉండాలి అని చెప్పి, ఏ పక్కన అనేది డేటాబేస్ తయారుచేసేవాళ్లకు వదిలేసింది.

అంటే ఏడాది పాటు అస్సలు కట్టనివాళ్లు జాబితా పైన కనిపించింది నా తెలివి వల్ల కాదు, ఎస్‌క్యూలైట్ అలవాటు వల్ల. డేటాబేస్ మారగానే ఆ 14 మంది 50వ నంబర్ నుంచి 63వ నంబర్ దాకా వెళ్లిపోయారు. నేను 20 దగ్గర కట్ చేశాను, పక్క పేజీకి వెళ్లే బటన్ కూడా పెట్టలేదు. ఐదు సోమవారాలు ఆ 14 మందికి ఫోన్ వెళ్లలేదు. వాళ్లలో ఒకతను పరీక్షలు రాసేసి రూమ్ ఖాళీ చేసి వెళ్లిపోయాడు, ఫోన్ నంబరు కూడా మారిపోయింది. 2,340 రూపాయలు పోయినట్టే. ఆ డబ్బు నేను ఇస్తానంటే అన్న తీసుకోలేదు.

డబ్బు సంగతి సరే. చేయని తప్పుకు ఒక పిల్లాడి మీద దొంగ అనే అనుమానం పడింది చూడండి, అది మాత్రం నాకు చాలా గట్టిగా తగిలింది. అన్నను వెంటబెట్టుకుని నేనే నాంపల్లి వెళ్లి ఆ అబ్బాయికి ఫోన్‌లో రెండు జాబితాలూ చూపించాను. "తప్పు నాది, నీ మామకు కూడా చూపించాను" అని చెప్పాను. అతను జాబితా మొత్తం ఒకసారి కిందిదాకా స్క్రోల్ చేసి, "ఇంత చిన్నదానికా" అన్నాడు. అంతే. మర్నాడు పనిలోకి వచ్చాడు.

ఓకే. ఇప్పుడు అసలు క్లాస్.

నేను ఎక్కడ తప్పు చేశాను? చాలామంది "ఓఆర్ఎం వాడటమే తప్పు" అంటారు. ఇంకొంతమంది "మొదటినుంచీ పోస్ట్‌గ్రెస్ వాడాల్సింది" అంటారు. రెండూ కాదు. డేటాబేస్‌తో కనెక్ట్ అయ్యే పద్ధతి ఒకటే అయితే, డేటాబేస్ ప్రవర్తన కూడా ఒకటే అవుతుందనుకున్నా. అదీ నా తప్పు.

కనెక్ట్ అయ్యే పద్ధతిని ఒకటి చేయడం కొత్త ఆలోచనేం కాదు. మైక్రోసాఫ్ట్ 1992లో ఓడీబీసీ తెచ్చింది. 1997లో జావాకు జేడీబీసీ వచ్చింది. పైథాన్‌లో డీబీ ఏపీఐ ఉంది. వీటన్నిటి పనీ ఒకటే: ఏ డేటాబేస్ అయినా ఒకే రకంగా తలుపు తట్టొచ్చు. లోపలున్నవాళ్లు ఒకేలా జవాబు చెప్తారని మాత్రం ఇవేవీ హామీ ఇవ్వవు. ప్లగ్ సాకెట్‌లో పట్టింది కదా అని, వచ్చే కరెంటు ఎంతో చూడకుండా స్విచ్ వేసినట్టు చేశాను నేను.

మరి సరిగ్గా చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే, మా అన్న గదికి కొంచెం దూరంలోనే ఉన్నారు. నాంపల్లి స్టేషన్. బోర్డు మీద హైదరాబాద్ దక్కన్ అని ఉంటుంది చూడండి, అదే.

అక్కడ రిజర్వేషన్ కౌంటర్‌లో ఒక ఫారం నింపుతాం. రైలు నంబర్, తేదీ, ఎక్కడ నుంచి ఎక్కడికి, ఏ క్లాస్, పేర్లు, వయసు. క్లర్క్ ఆ వివరాలు కొడతారు, టికెట్ వస్తుంది. కానీ దేశంలో ఉన్న రైళ్లన్నిటి రిజర్వేషన్లూ ఒకే కంప్యూటర్‌లో ఉండేలా ఆ వ్యవస్థను కట్టలేదు. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్, ఇలా ఐదు కేంద్రాలు. ఒక్కో రైలు సమాచారం వీటిలో ఒకదాంట్లో ఉంటుంది. మొదట్లో ఇవి దేనికది విడిగా ఉండేవి. రైల్వే సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ 'కాన్సర్ట్' అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. అది మొదట వచ్చింది మన సికింద్రాబాద్‌లోనే, 1994లో. 1999 నాటికి ఐదు కేంద్రాలూ కలిశాయి. ఇక నాంపల్లి కౌంటర్‌లో కూర్చున్న క్లర్క్‌కు మీ రైలు ఏ ఊరి కంప్యూటర్‌లో ఉందో తెలియాల్సిన పని లేకుండా పోయింది.

2002లో ఐఆర్‌సీటీసీ వెబ్‌సైట్‌లో టికెట్లు మొదలయ్యాయి. 2017లో రైల్ కనెక్ట్ యాప్ వచ్చింది. ముందున్న స్క్రీన్లు మారుతూ వచ్చాయి, వెనకాల బెర్తుల లెక్క చూసేది మాత్రం ఆ రిజర్వేషన్ వ్యవస్థే. ఇక్కడ రెండు విషయాలు గమనించండి.

ఒకటి, ఫారంలో ఉన్నవన్నీ ప్రయాణానికి సంబంధించిన మాటలు. రైలు, తేదీ, క్లాస్, బెర్త్. టేబుల్, కాలమ్ లాంటి మాట ఒక్కటీ లేదు. అందుకే వెనకాల ఏం మారినా ఫారం మారదు.

రెండు, ఇది ఇంకా ముఖ్యం. ఐదు కేంద్రాల్లో నడిచింది ఒకే కాన్సర్ట్, ఒకే రూల్స్. వెయిటింగ్ లిస్ట్‌లో ఎవరు ముందు అనేది చెన్నైలో ఒక రకంగా, ముంబైలో ఇంకో రకంగా ఉంటే, ఫారం ఎంత ఒకేలా ఉన్నా ఉపయోగం లేదు. స్టేషన్లో గొడవలయ్యేవి. నా యాప్‌లో జరిగింది సరిగ్గా అదే. ఫారం ఒకటే, రూల్ మారిపోయింది.

ఇప్పుడు యాప్‌ను ఎలా తిరగరాశానో చెప్తా. మీరు ఏ లాంగ్వేజ్‌లో రాస్తున్నా ఇదే పద్ధతి.

మొదటి స్టెప్. నా ఫైల్స్‌లో సెలెక్ట్, లైక్, ఆర్డర్ బై లాంటివి ఎక్కడెక్కడున్నాయో వెతికాను. మూడు పేజీల యాప్‌లో పదకొండు చోట్ల ఉన్నాయి. స్క్రీన్ గీసే కోడ్ మధ్యలోనే డేటాబేస్ ప్రశ్నలు. వాటన్నిటినీ బయటకు లాగాను.

రెండో స్టెప్. ఒక కాగితం మీద అన్న దుకాణంలో జరిగే పనులు రాశాను, ఆయన మాటల్లోనే. పుస్తకం ఎక్కించు. పుస్తకం వెతుకు. నగదుకు అమ్ము. ఉద్దెరకు అమ్ము. జమ రాయి. బాకీల జాబితా ఇవ్వు. మొత్తం ఆరే. ఇదే ఇంటర్‌ఫేస్. స్క్రీన్‌కు ఈ ఆరు తప్ప ఇంకేమీ తెలియకూడదు.

"ఉద్దెరకు అమ్ము" అనేది ఒకే పనిగా పెట్టాను, చూశారా? ముందు నా కోడ్‌లో అవి రెండు: స్టాక్ తగ్గించు, తర్వాత బాకీ రాయి. మధ్యలో నెట్ పోతే పుస్తకం పోతుంది, బాకీ పడదు. రెండూ కలిపి ఒకే పని అని ఇంటర్‌ఫేస్‌లో చెప్తే, దాన్ని ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టే బాధ్యత లోపలివాళ్లది అవుతుంది. జరిగితే రెండూ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు.

మూడో స్టెప్, నేను ముందు అస్సలు చేయనిది. ఒక్కో పని పక్కన దాని రూల్స్ మామూలు తెలుగులో రాశాను. "పుస్తకం వెతుకు: చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు తేడా చూడొద్దు." "బాకీల జాబితా: ఎప్పుడూ కట్టనివాళ్లు అందరికంటే పైన. వాళ్లలో మళ్లీ పాత బాకీ ముందు. తర్వాత కట్టి ఎక్కువ రోజులైనవాళ్లు." "జాబితా 20 దగ్గర ఆగితే, ఇంకా ఎంతమంది మిగిలారో కింద చూపించాలి." ఈ రూల్స్ నేను కనిపెట్టలేదు. అన్నను అడిగాను. ఆయన ఒక్క సెకను కూడా ఆలోచించలేదు. "ఒక్కసారి గూడ ఇయ్యనోడినే కదా తమ్మీ ముందుగాల అడగాలె" అన్నాడు. ఏడాది ముందు అడిగినా అదే చెప్పేవాడు.

నాలుగో స్టెప్. ఆ ఆరు పనులనూ చేసిపెట్టే ఎడాప్టర్లు రాశాను. ఒకటి పోస్ట్‌గ్రెస్‌కు, ఒకటి ఎస్‌క్యూలైట్‌కు. నల్ పైన రావాలంటే పోస్ట్‌గ్రెస్‌లో నల్స్ ఫస్ట్ అని స్పష్టంగా చెప్పొచ్చు. ఎస్‌క్యూలైట్‌లో కూడా 2019 నుంచి ఆ మాట ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో లేదు, అక్కడ "తేదీ నల్ అవునా కాదా" అనేదాన్నే మొదటి వరుసగా పెట్టుకోవాలి. ఎవరి భాష వాళ్లది. ఆ తేడాలన్నీ ఎడాప్టర్ లోపలే ఉండిపోతాయి, స్క్రీన్ దాకా రావు.

మూడో ఎడాప్టర్ కూడా ఒకటి రాశాను, అసలు డేటాబేసే లేనిది. ఒక పైథాన్ లిస్ట్, అంతే. టెస్టులు త్వరగా నడవడానికి. ఇది రాస్తున్నప్పుడు భలే జరిగింది. బాకీలను తేదీ ప్రకారం సార్ట్ చేయబోతే పైథాన్ ఎర్రర్ ఇచ్చింది: విలువ లేనిదాన్ని తేదీతో పోల్చలేను అని. ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్ రెండూ నన్ను అడక్కుండా వాటికి తోచింది చేశాయి. పైథాన్ మాత్రం "నువ్వే చెప్పు" అని ఆగిపోయింది. ఈ చిన్న ఎడాప్టర్ మొదటి రోజే రాసుంటే ఈ గొడవంతా ఉండేది కాదు.

ఐదో స్టెప్. రూల్స్‌ను టెస్టులుగా మార్చాను. ఒకే టెస్టుల సెట్, మూడు ఎడాప్టర్ల మీదా నడుస్తుంది. కట్టినవాడు ఒకడు, అస్సలు కట్టనివాడు ఒకడు, ఇద్దరినీ ఎక్కించి జాబితా అడుగు. కట్టనివాడు పైన ఉన్నాడా? మూడింటిలోనూ ఉంటే పాస్. ఇక్కడ కాలేజీ ప్రాజెక్టులు చేసేవాళ్లకు ఒక మాట. చాలామంది ల్యాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్ మీద టెస్ట్ చేసి, సర్వర్ మీద పోస్ట్‌గ్రెస్ పెడతారు. అలా చేస్తే టెస్టులన్నీ పాస్ అయినా మీకు తెలిసేది ఎస్‌క్యూలైట్ గురించే. యాప్ దేని మీద నడుస్తుందో దాని మీద కూడా టెస్ట్ నడపాలి.

మీరు అడగబోయేది నాకు తెలుసు. "మరి రేపు ఫైర్‌స్టోర్‌కు కూడా ఇలాగే మారిపోవచ్చా?" మారొచ్చు, కానీ ఫ్రీగా కాదు. ఫైర్‌స్టోర్‌లో ట్రాన్సాక్షన్లు ఉన్నాయి కాబట్టి ఉద్దెరకు అమ్మే పని ఇబ్బంది లేకుండా రాయొచ్చు. కానీ టేబుల్స్‌ను జాయిన్ చేయడం అలవాటైనవాళ్లు డేటాను వేరే రకంగా పేర్చుకోవాలి. పుస్తకం పేరు మధ్యలో ఉన్న పదాన్ని లైక్‌తో వెతికినట్టు అక్కడ మామూలు క్వెరీలతో వెతకలేం, దానికి వేరే ఏర్పాటు కావాలి. రూల్ రాసి ఉంటే, ఎంత పని పడుతుందో ముందే తెలుస్తుంది. ఇంటర్‌ఫేస్ ఉందని కష్టం పోదు. కష్టం ఎక్కడుందో కనిపిస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఇది విని ఇవాళే ఐదు డేటాబేస్‌లకు ఐదు ఎడాప్టర్లు రాయకండి. వాడనిదాన్ని కూడా మెయింటెయిన్ చేయాలి. నిజంగా అవసరం వచ్చినప్పుడు రెండోది రాయండి. మొదటి రోజు నుంచి ఉండాల్సినవి రెండే: పనుల పేర్లున్న ఇంటర్‌ఫేస్, పక్కన రాసిన రూల్స్.

మార్చే రోజుకు కూడా కొన్ని చిట్కాలు. బిజీ రోజుకు ముందు రాత్రి మార్చకండి. నేను శనివారం రాత్రి మార్చాను, అన్నకు బజారు ఆదివారం, అంతకంటే తెలివితక్కువ పని లేదు. పాత డేటాబేస్‌ను చదవడానికి మాత్రమే వీలుండేలా కొన్నాళ్లు ఉంచండి. రికార్డుల సంఖ్య, డబ్బు మొత్తం సరిపోల్చండి, కానీ అక్కడే ఆగకండి. నాకు రెండూ సరిపోయాయి. రోజూ వాడే స్క్రీన్లను పాతదాంట్లో, కొత్తదాంట్లో పక్కపక్కన తెరిచి, వరుసతో సహా ఒకేలా ఉన్నాయా చూడండి. నేను బాకీల పేజీని అలా చూడటానికి రెండు నిమిషాలు కూడా పట్టేది కాదు.

మీకో చిన్న పని. మీ ప్రాజెక్ట్ తెరిచి ఆర్డర్ బై అని వెతకండి. ప్రతి చోటా ఆగి అడగండి: ఈ కాలమ్ ఖాళీగా ఉంటే ఆ రికార్డ్ ఎక్కడికి వెళ్తుంది, అలా వెళ్లాలని ఎవరు చెప్పారు? "ఎవరూ చెప్పలేదు, అలా వస్తోంది" అనేది మీ జవాబైతే, అక్కడ ఒక రూల్ రాసుకోండి.

అన్న ఇప్పుడు కూడా ఆ యాప్ వాడుతున్నాడు. స్టాక్, బిల్లు మొత్తం మేనల్లుడే చూసుకుంటున్నాడు. బాకీల నోట్‌బుక్ మాత్రం అన్న ఆపలేదు, ప్రతి ఆదివారం రాత్రి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాడు. నేను వద్దనలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ ఆరు పనుల ఇంటర్‌ఫేస్‌ను మొదటి నుంచి స్క్రీన్ మీద రాసి చూపిస్తాను, టెస్టులతో సహా. ల్యాప్‌టాప్ దగ్గర పెట్టుకోండి. ఉంటా మరి, బై.